అల్లుడుగారి ఒక్క ఫైలు

గోవిందరాజులు ఏ ముక్కనీ రెండోసారి రాయడు. పీక మీద కత్తి పెట్టినా రాయడు. ఒకసారి రాసిందే ఎన్ని చోట్లకి కావాలంటే అన్ని చోట్లకి, ఎన్ని వేషాల్లో కావాలంటే అన్ని వేషాల్లో వెళ్ళాలంటాడు. ఫరీదాబాదులో లేత్ మిషను పాఠాలు చెప్పుకునే మేష్టారికి ఇంతకన్నా చెడ్డ అలవాట్లు ఉండొచ్చు. తాగుడు ఉండొచ్చు, పేకాట ఉండొచ్చు. వాటికి మందూ మాకూ ఉంటుంది. దీనికి లేదని ఆయన అత్తగారు నాగేంద్రమ్మ పెళ్ళికి ఇరవై రోజుల ముందే కనిపెట్టేసింది.

పెళ్ళంటే ఆడపెళ్ళివారి కార్డు వేరు, మగపెళ్ళివారి కార్డు వేరు. లోకమంతా ఇంతే. కాబోయే అల్లుడు మాత్రం "పెళ్ళి ఒకటే అయినప్పుడు రాత రెండెందుకు?" అని, విజయవాడలో కంప్యూటరు కొట్టులో కూర్చుని, ఒకే రాతలో అక్కడో మాటా ఇక్కడో మాటా మార్చి రెండు కార్డులూ దింపుతానన్నాడు. దింపాడు. కట్ట విప్పి నాగేంద్రమ్మ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "మా జ్యేష్ఠ కుమార్తె చి.ల.సౌ. సుభద్రను మా ద్వితీయ కుమారుడు చి. గోవిందరాజులుకు ఇచ్చి..."

"ఏమిటిది? అన్నకి చెల్లెల్నిచ్చి చేస్తున్నామా?" అని ఆవిడ వేసిన కేక పాలకొల్లులో మూడు వీధులు విన్నాయి. మూడొందల కార్డులూ పొయ్యిలో పెట్టింది. ఆ పూట పప్పు తొందరగా ఉడికింది. పెళ్ళికొడుకు సిగ్గుపడ్డాడా అంటే, లేదు. కబురు పంపాడు: "కంగారు పడకండి. ఒక్క చోట దిద్దితే రెండూ బాగుపడతాయి."

నాగేంద్రమ్మ చదివింది మూడో క్లాసు. నాలుగోది అక్కర్లేనంత తెలివి అప్పటికే వచ్చేసిందని ఆవిడ నమ్మకం. మోకాలి ఆపరేషనుకని ఎనిమిదేళ్ళ కిందట కూతురింటికి వచ్చింది. మోకాలు బాగుపడింది. తిరుగు ప్రయాణం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.

అల్లుడితో అత్తగారు నేరుగా మాట్లాడకూడదన్నది ఆవిడ పుట్టింటి పద్ధతి. ఫరీదాబాదు ఇల్లు రెండే రెండు గదులు. ముగ్గురూ ఒకే సోఫాలో మోకాళ్ళు తగిలేలా కూర్చున్నా సరే, మాట సుభద్ర మీదుగా వెళ్ళాల్సిందే.

"సుభద్రా, కాఫీ చల్లారిపోతోందని అల్లుడుగారితో చెప్పు."

"ఏమండీ, కాఫీ చల్లారిపోతోందట."

"విన్నాను," అనేవాడు గోవిందరాజులు, ఒంటి మీద బల్లి పడ్డట్టు ఉలిక్కిపడి. "ఒకే మాట రెండుసార్లు! ఎందుకు?"

"మర్యాదకని చెప్పవే."

"ఏమండీ, మర్యాదకట."

"అదీ విన్నాను!"

చొక్కాల విషయం ఇంకా ఘోరం. ఏ నిర్ణయమైనా ఒక్కసారే తీసుకోవాలని, ఢిల్లీలో సరోజినీ నగర్ బజారుకి వెళ్ళి ఒకే బూడిదరంగు చొక్కాలు ఏడు కొనుక్కొచ్చాడు. కొట్టువాడు "భయ్యా, ఇంకో రంగు చూపించనా?" అని ఎంత బతిమాలినా "ఒకసారి చెప్పాను" అన్నాడట. నెల తిరక్కుండా పక్కింటి ఆంటీ వాళ్ళాయన పాత చొక్కా ఒకటి ఇస్త్రీ చేయించి పట్టుకొచ్చి సుభద్ర చేతిలో పెట్టింది. "దీదీ, ఏమీ అనుకోకండి. భాయ్ సాబ్‌కి ఒక్క చొక్కాయే ఉన్నట్టుంది." నాగేంద్రమ్మ పరువు ఆ రోజు మెట్లు దిగి గేటు దాటి వెళ్ళిపోయింది. ఆవిడ కోపమంతా ఆ చొక్కా మీద చూపించింది. దానితో ఇప్పటికీ కిటికీలు తుడుస్తోంది.

ఇవన్నీ పైపై వేషాలు. అసలు జబ్బు పాఠాల్లో ఉంది. బల్లభ్‌గఢ్ దారిలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఆయన ఉద్యోగం. క్లాసులో తెర మీద పెద్దక్షరాలతో వేసే స్లైడులుంటాయి. పిల్లలు ఇంటికి పట్టుకెళ్ళే అచ్చు నోట్సు ఉంటుంది. మిగతా మేష్టార్లు ఇదోసారి, అదోసారి చేసుకుంటారు. గోవిందరాజులు మటుకు ఒక్క ఫైలులోనే రాస్తాడు. మీట నొక్కితే అందులోంచే స్లైడులు దిగుతాయి, ఇంకో మీట నొక్కితే అందులోంచే నోట్సు దిగుతుంది. దీన్ని ఆయన "వండటం" అంటాడు.

ఆ మాట వినగానే నాగేంద్రమ్మ ఊరుకోలేకపోయింది. వంట ఆవిడ సొంత రాజ్యం.

"ఒకే పిండితో ఇడ్లీలూ అట్లూనా? ఇడ్లీకి రవ్వ పడాలి, అట్టుకి బియ్యం పడాలి. రెండూ ఒకే గిన్నెలోంచి తీస్తే రెండూ చెడతాయని చెప్పు, సుభద్రా."

సుభద్ర నోరు తెరిచేలోపే ఆయన చెయ్యెత్తి ఆపాడు. "అందుకే కదా గుర్తులు పెట్టేది! గుర్తు లేని మాట రెండింట్లోకీ వెళ్తుంది. 'తెర' అని గుర్తు పెడితే తెర మీదకే. 'కాగితం' అంటే నోట్సులోకే. ఇదిగో చూడు, తెర మీద 'ఎర్ర గీత చూడండి' అని వస్తుంది. జిరాక్సులో ఎరుపెక్కడిది, అంతా బొగ్గేగా? అందుకని నోట్సులో అదే చోట 'చుక్కల గీత చూడండి' అని వస్తుంది. కొలత మాత్రం ఒక్కచోటే రాస్తాను. మారిస్తే రెండింట్లోనూ మారుతుంది."

"మూడో గుర్తు ఉందిగా," అంది సుభద్ర.

"అది 'నాకు'. నేను చూసుకునే కాపీలోకి మాత్రమే వెళ్తుంది. మొదటి లైనులో ఏ మాట పెడితే ఆ వంట దిగుతుంది. తెర, కాగితం, నాకు. అంతే."

"ఏం రాసుకుంటారేమిటో అందులో," అంది నాగేంద్రమ్మ గోడతో. గోడ మాట్లాడలేదు, అల్లుడూ మాట్లాడలేదు. ఆయనకి ఇంకో ఫైలు తెరవడమంటే ఇంకో పెళ్ళి చేసుకోవడంతో సమానం. కాబట్టి కందిపప్పు చిట్టా, గ్యాసు నంబరు, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు, అన్నీ ఆ లేత్ మిషను పాఠాల మధ్యనే ఎక్కడో ఉంటాయని మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఇలా ఉండగా మే నెలలో కాలేజీకి భాటియా అని కొత్త డైరెక్టరు వచ్చాడు. వస్తూనే ఏదో కంపెనీ తయారుచేసిన రెడీమేడ్ స్లైడులు బేరం చేశాడు. అందరూ అవే వెయ్యాలి, నోట్సు అక్కర్లేదు, కావలసినవాళ్ళు తెరని ఫోటో తీసుకుంటారు అన్నాడు. గోవిందరాజులు ఒప్పుకోలేదు. సరే, బుధవారం కమిటీ ముందు మీ స్లైడులూ మీ నోట్సూ చూపించండి, నచ్చకపోతే జూన్‌తో మీ కాంట్రాక్టు అయిపోతుంది అన్నాడు భాటియా.

"అయిపోతే?" అంది నాగేంద్రమ్మ.

"ఇంట్లో కూర్చుంటారు," అంది సుభద్ర. "యాభై ఏడేళ్ళొచ్చాయి. ఇంకెవరు పిలుస్తారు?"

"ఇంట్లోనా? రోజంతానా?" అంది నాగేంద్రమ్మ. పైకి అంత మాటే అంది కానీ, ఆ వారం అల్లుడు రెండోసారి అన్నం పెట్టించుకోకపోవడం ఆవిడ చూసింది. పప్పులో ఉప్పు ఎక్కువైనా పేచీ పెట్టలేదు. అదీ చూసింది. పాఠం చెప్పకుండా ఈ మనిషి ఉంటాడా అన్న భయం అప్పుడు పట్టుకుంది.

మంగళవారం మధ్యాహ్నం గోవిందరాజులు మొదటి లైనులో 'నాకు' అని పెట్టి, తన కాపీ వండుకుని, ఆఖరిసారి చూసుకున్నాడు. ఇక ఆ మాట చెరిపి 'కాగితం' అని పెట్టి, కమిటీకీ పిల్లలకీ పంచే నోట్సు వండాలి. వేలు అక్కడిదాకా వెళ్ళింది.

"సుభద్రా, అల్లుడుగారిని భోజనానికి లెమ్మను."

"ఏమండీ, భోజనానికి లేవాలట."

"విన్నాను! విన్నాను!" అంటూ విసురుగా లేచాడు. తిన్నాడు. చెయ్యి కడుక్కుని, ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని జిరాక్సు కొట్టుకి వెళ్ళి, అరవై పుస్తకాలు తీయించి స్పైరలు వేయించాడు. ఒక్కటైనా విప్పి చూశాడా? చూడడు. మూలం బాగుంటే దిగినవాటిని చూడక్కర్లేదని ఆయన సిద్ధాంతం.

బుధవారం రెండు గంటలకే ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా సోఫాలో కూలబడ్డాడు. ఒళ్ళో ఒక పుస్తకం.

"ఏమైందండీ?"

"'నాకు' కాపీ పంచాను. అరవైమందికి."

జరిగింది ఇదీ. కమిటీవాళ్ళు పుస్తకాలు విప్పారు. ఇంగ్లీషు పాఠం మధ్య పేజీ పేజీకీ తెలుగు. భాటియా వేలు పెట్టి "యే క్యా హై? జిలేబీలా?" అన్నాడు. నేను నాకోసం రాసుకున్నవి సార్ అన్నాడు ఈయన. మా గురించి ఏమైనా ఉందా అని అడిగాడు ఆయన. ఇంకెవరైనా అయితే లేదని చెప్పి బయటపడును. ఈ మహానుభావుడు "కొంచెం ఉంది సార్" అన్నాడు.

"దీనంతటికీ హిందీలో అర్థం రాసి రేపు పదింటికి తెమ్మన్నారు. లేకపోతే కాంట్రాక్టు లేదు."

"రాసిచ్చెయ్యండి మరి! ఎంతసేపు?"

"రాసిందే మళ్ళీ రాయనా? అదీ ఇంకో భాషలోనా? రేపు ఇందులో ఒక మాట మారిస్తే అందులో ఎవరు మారుస్తారు?"

సుభద్ర నెత్తి కొట్టుకుంది. నాగేంద్రమ్మ మాత్రం మెల్లిగా చెయ్యి చాపి ఆ పుస్తకం తీసుకుంది. ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో గుట్టలుగా పడి ఉన్న అల్లుడి పుస్తకాల్లో ఆవిడకి ఒక్క అక్షరం తెలియదు. అంతా ఇంగ్లీషు. ఇవాళ విప్పేసరికి, ఆ ఇంగ్లీషు అడవిలో అక్కడక్కడా మూడో క్లాసు అక్షరాలు! అద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి మొదలుపెట్టింది.

మూడో పేజీ: "ఇక్కడ భాటియా తల ఊపుతాడు. అర్థమైందనుకుని ముందుకి వెళ్ళకు."

ఏడో పేజీ: "కందిపప్పు. చింతపండు. సుభద్రకి నడుము పట్టీ, అడిగేదాకా ఆగకు."

తొమ్మిదో పేజీ: "మహేష్ రాత్రి షిఫ్టు దిగి నేరుగా వస్తాడు. ఇక్కడ లైట్లు ఆర్పి వీడియో పెట్టు. పదిహేను నిమిషాలు పడుకుంటాడు. లేపకు. వాడు వినని ముక్కంతా కాగితంలోకి వచ్చిందో లేదో చూసుకో."

పదమూడో పేజీ: "వెనక బెంచీ ఇర్ఫాన్‌కి కళ్ళు ఆనవు, అడగడు. అక్షరాలు పెంచు. వాడికోసమని అనకు. ప్రొజెక్టరు పాడైందను."

ఇరవై ఒకటో పేజీ దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది. "అత్తయ్యగారి మాట రోజూ రెండుసార్లు వినాలి. విసుక్కో, పరవాలేదు. మానమని మాత్రం ఎప్పుడూ అనకు. పరాయి భాష ఊరికి వచ్చి కూడా ఆవిడ దర్జా తగ్గలేదు. తగ్గనివ్వకు."

నాగేంద్రమ్మ పుస్తకం మూసింది.

"ఏముందమ్మా?" అంది సుభద్ర.

"అచ్చుతప్పులు," అంది నాగేంద్రమ్మ. "రేపు పదింటికి ఆటో మాట్లాడు. అర్థం నేను చెప్తాను వాళ్ళకి. చీర గంజి పెట్టింది తియ్యి."

మర్నాడు కమిటీ గదిలో ఒక వైపు భాటియా, పక్కన కమిటీ పెద్ద ఖురానా. ఖురానాకి బోల్టుల ఫ్యాక్టరీ ఉంది, మీసాలూ ఉన్నాయి. ఇటు వైపు గోవిందరాజులు, మధ్యలో సుభద్ర, ఆ పక్కన గంజి పెట్టిన చీరలో నాగేంద్రమ్మ. ఆవిడ తెలుగులో చదువుతుంది, సుభద్ర హిందీలో చెబుతుంది. ప్రతి మాటా రెండుసార్లు. గోవిందరాజులుకి దవడలు బిగుసుకుపోతున్నాయి.

మూడో పేజీ వచ్చింది. నాగేంద్రమ్మ భాటియా మొహం చూసింది, పేజీ చూసింది, గొంతు సవరించుకుంది. "ఇక్కడ డైరెక్టరుగారు మంచి ప్రశ్న అడుగుతారు. జాగ్రత్తగా జవాబు చెప్పు."

గోవిందరాజులు ఎగిరిపడ్డాడు. "అత్తయ్యగారూ, అక్కడ అలా లేదు! మూలంలో..."

"సుభద్రా, అల్లుడుగారిని కూర్చోమను."

"ఏమండీ, కూర్చోండి!" అంది సుభద్ర, చెప్పిన దానికన్నా గట్టిగా.

భాటియా పొంగిపోయాడు. కందిపప్పూ చింతపండూ దాటాయి. తొమ్మిదో పేజీ ఉన్నదున్నట్టే చదివింది. అది మార్చాలని ఆవిడకి తోచలేదు. అక్కడే చిక్కొచ్చింది.

"అంటే క్లాసులో పిల్లల్ని నిద్రపుచ్చుతున్నారా?" అని భాటియా బల్ల గుద్దాడు. "లైట్లు ఆర్పి మరీ?"

గదిలో అందరూ గోవిందరాజులు వైపు చూశారు. ఆయన నెమ్మదిగా అన్నాడు: "రాత్రంతా మిషను మీద నిలబడ్డవాడు సార్. కళ్ళు తెరిపించగలను, చెవులు తెరిపించలేను. అందుకే క్లాసులో చెప్పింది కాగితంలో పొల్లు పోకుండా ఉంటుంది. కూర్చుని వినగలిగినవాడికి ఒక కొలత, వినలేనివాడికి ఇంకో కొలత ఉండకూడదు. రెండూ ఒకచోటే రాసేది అందుకే."

"అచ్ఛా. పడుకున్నవాళ్ళకి మార్కులెన్నో?" అన్నాడు భాటియా వెటకారంగా.

"పద్దెనిమిదో పేజీలో ఉంది సార్. మళ్ళీ చెప్పను."

నాగేంద్రమ్మ గబగబా పేజీలు తిప్పి చదివింది: "మహేష్‌కి డెబ్బై ఎనిమిది. వీడియో పూర్తిగా చూసినవాళ్ళకి అరవై దాటలేదు. వీడియో మార్చాలి."

ఖురానా మీసాల కింద ఏదో కదిలింది. "ఏ మహేష్? రాత్రి షిఫ్టుకి ఎక్కడికి వెళ్తాడు?"

"మీ ఫ్యాక్టరీకే సార్," అన్నాడు గోవిందరాజులు. ఈ మనిషికి అబద్ధం చెప్పడం రాదని ఇందాకే చూశాం కదా.

ఖురానా పుస్తకం ముందుకి లాక్కుని తెలుగు ముక్కలు వదిలేసి పాఠం చదవడం మొదలుపెట్టాడు. ఒక పేజీ, రెండు పేజీలు, బొమ్మ, కొలత. తెర మీద అదే పాఠం వెయ్యమన్నాడు. తెర చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ తెర చూశాడు. పది నిమిషాలకి తలెత్తి, "భాటియాజీ, మీ కంపెనీ స్లైడులు మా కుర్రాళ్ళు ఎప్పుడు పడుకుంటారో చెప్తాయా?" అన్నాడు.

రెండేళ్ళకి కాంట్రాక్టు ఇచ్చారు. భాటియా కూడా సంతకం పెట్టాడు. పెడుతూ, మూడో పేజీ తనకి ఫోటో తీసి పంపమని సుభద్రని అడిగాడు.

ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు పిల్లలు దిగారు. తమ గురించి ఏం రాసుందో చదివి చెప్పాలట. నాగేంద్రమ్మ వరండాలో కుర్చీ వేయించుకుని దర్బారు తీర్చింది. ఒక్కొక్కరిదీ చదవడం, సుభద్ర హిందీలో చెప్పడం. "నోరు ఎక్కువ, చెయ్యి తక్కువ" అని ఉంటే అలాగే చదివింది. డైరెక్టర్ల కోసం చేసిన సవరింపులు పిల్లలకి అక్కర్లేదు.

ఆఖర్న కిరణ్‌బాలా మిగిలింది. ఆ క్లాసులో ఒకే ఒక్క ఆడపిల్ల. మోచేతుల దాకా మడిచిన చొక్కా, బొటనవేలికి పాత కోత. "దాదీ, నాది?" అంది.

నాగేంద్రమ్మ మొదటినుంచి చివరిదాకా తిప్పింది. చివరినుంచి మొదటికి తిప్పింది. ఆ పిల్ల గురించి ఒక్క ముక్క లేదు. బాగా చేసేవాళ్ళ గురించి రాసుకోవాల్సిన అవసరం ఆయనకి రాలేదు కాబోలు. ఆ పిల్ల చేతులు కట్టుకుని, ఏమీ లేకపోయినా ఏం పరవాలేదన్నట్టు, గేటు వైపు చూస్తూ నిలబడింది.

నాగేంద్రమ్మ ఒక పేజీ దగ్గర వేలు పెట్టి, తడుముకోకుండా చదివింది: "ఈ పిల్ల కోసిన ఇనుము ఇంకోసారి కొలవక్కర్లేదు."

గుమ్మంలో నిలబడ్డ గోవిందరాజులు నోరు తెరిచాడు. ఆ పిల్ల మొహం చూశాడు. నోరు మూసుకున్నాడు.

సుభద్ర హిందీలో చెప్పింది. కిరణ్‌బాలా ఆ లైను ఏదో సరిగ్గా చూపించమని అడిగి, ఎర్రపెన్నుతో కింద గీత గీసుకుని, ఫోన్లో ఫోటో తీసుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న దాన్ని పెద్దదిగా అచ్చు వేయించి, అద్దం కట్టించి, బల్లభ్‌గఢ్‌లో వాళ్ళింటి ముందుగదిలో తగిలించాడట. మా అమ్మాయి గురించి మేష్టారు రాసిందని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడట. వాళ్ళూ ఆ గుండ్రటి అక్షరాల అందం చూసి తలలూపి వెళ్తున్నారట.

అద్దంలో ఉన్నది ఇదీ: "ప్రొజెక్టరు వైరు వదులుగా ఉంది. కాలు తగిలేను, చూసి నడువు."